అంజవ్వ వంతు

పొట్ట మీదున్న వరికి నీళ్ళు తప్పడమూ, నిండు చూలాలికి కూడు తప్పడమూ ఒకటేనంటారు ఎడపల్లి చుట్టుపట్ల రైతులు. తాగవలసిన నాడు తాగకపోతే ఆ తర్వాత చెరువు తెచ్చి గుమ్మరించినా వెన్నులో పాలు పడవు. కంకి నిలువునా నిలబడే ఉంటుంది, తాలై. భూమవ్వకు ఈ సంగతి ఒకరు చెప్పవలసిన పని లేదు. కాపురానికి వచ్చిన ఏడు నుంచి ఆ మడిలో వంగిన నడుము ఆమెది.

ఆ పొద్దున తూర్పు తెల్లబడుతుండగానే కొంగు నడుముకు చెక్కుకొని పొలానికి వచ్చింది. నిన్న బాలన్న వంతు, ఇవాళ తనది. పొద్దు పొడిచేసరికి నీళ్ళు గట్టుకు కోసిన తన మడవ దగ్గరికి రావాలి. రాలేదు. కాలువ అడుగు నుంచి పిడికెడు మట్టి తీసి నలిపింది. పొడి పొడిగా రాలింది. మడి నడుమ నెర్రెలు కాలి బొటనవేలు దూరేంత విచ్చుకున్నాయి. వరి ఆకులు సూదుల్లా చుట్టుకుపోయాయి.

కాలువ వెంట ఎగువకు నడిచింది. బాలన్న మడి కూడా ఎండే ఉంది. బాలన్న చెరుకు బండి తోలుకొని బోధన్ ఫ్యాక్టరీకి పోయాడు. అక్కడ బండ్ల వరుసలో చిక్కుకున్నవాడు ఎప్పుడొస్తాడో వాడికే తెలియదు. ఇంకా ఎగువకు పోయాక నీళ్ళ చప్పుడు వినిపించింది. రాజేశ్వర్ పటేలు చెరుకు తోట మడవ బార్లా తెరిచి ఉంది. నీళ్ళు గులగులమంటూ తోటలోకి పోతున్నాయి. మడవ పక్కన నీరటి పార గుచ్చి ఉంది.

ఆ పార మాట చెప్పాలి. ఆ తూము కింద పారే పొలాలకు అదే గడియారం, అదే కోర్టు. తూము దాకా నీళ్ళు సర్కారువి. తూము దాటితే, వంతుల ప్రకారం మళ్ళించే నీరటివి. వంతు ఎవరిదైతే వాళ్ళ మడవ దగ్గర నీరటి తన పార గుచ్చుతాడు. ఒక పొద్దు పొడుపు నుంచి మరో పొద్దు పొడుపు దాకా అది అక్కడే ఉంటుంది. చిన్న రైతుకు ఒక పొద్దు, పటేలు తోటకు రెండు. ఆ పారను నీరటి తప్ప మరొకరు ముట్టరాదు. గట్టు కోసం అన్నదమ్ములు తలలు పగలగొట్టుకున్న ఊరే గానీ, నీరటి పార మీద చెయ్యి వేసినవాడు ఆ ఊళ్ళో పుట్టలేదనేవారు.

నీరటి సాయన్న తుమ్మచెట్టు నీడన గొంతుకూర్చుని చుట్ట తాగుతున్నాడు. ముసలితనం ఒంటిని ఎండగట్టింది గానీ వంచలేదు. కాలువ గట్టు తిరిగీ తిరిగీ పాదాలు పార అంచుల్లా అయ్యాయి.

“ఏంది తాతా, ఈడ ఇంక పారుతనే ఉన్నది? పటేలువి రెండు పొద్దులు ఎప్పుడో ఒడిసె, నడిమోళ్ళవి గుడ్క ఒడిసె గద!” అంది భూమవ్వ.

“ఒడువలే బిడ్డా. పార సూడు, ఈడనే ఉన్నది. నేను పెట్టకపోతే దానంతట అది నడిచొచ్చి కూసుంటదా?” అని పళ్ళు లేని నోటితో నవ్వాడు.

“మరి బాలన్న వంతు?”

“వస్తది. పటేలు తోట, ఆ ఎన్క నడిమోళ్ళవి, ఆ ఎన్క బాలన్న చెక్క, ఆ ఎన్క మీ అత్త రాజవ్వ మడి, కొనకు అంజవ్వది. నాకు చెప్తవా? ఈ కాలువ తవ్విన్నాడు తట్ట మోసినోన్ని. రాజవ్వ బాగున్నదా? మోకాళ్ళు గుంజుతున్నయన్నది. ఆముదం కాక జేసి రాసుకొమ్మను.”

భూమవ్వ నవ్వబోయి ఆగింది. అత్త పోయి నిరుటికి నిరుడు. ఆమె పాడెకు ముందు నడిచి, గట్టు మీది ముండ్లు కొట్టి దారి చేసినవాడు ఈ సాయన్నే.

“మా అత్త లేదు గద తాతా.”

“ఏడికి పోయింది? నిజామాబాదు పోయిందా బిడ్డ కాడికి?”

పరాచికమేమోనని మొహంలోకి చూసింది. ఆ కళ్ళలో ఎగతాళి లేదు. ఊరి నుంచి వచ్చే చుట్టం మాట కోసం ఎదురు చూసినట్టు, జవాబు కోసం చూస్తున్నాడు. భూమవ్వ “ఔ తాతా, నిజామాబాదు పోయింది” అని వెనుదిరిగింది.

*

సాయన్న ఇల్లు ఊరికి పడమట వాడలో. భూమవ్వ ఆ వాడలోకి పనిబడి తప్ప పోయేది కాదు. గుమ్మం ముందు నిలబడి పిలిస్తే, లోపలి నుంచి మూలుగు వచ్చింది. సాయన్న భార్య పెంటవ్వ కుక్కి మంచంలో ఉంది. కుడి కాలికి వెదురు బద్దలు కట్టి గుడ్డ చుట్టారు. కాలువ గట్టు మీద జారిపడి విరిగిందట.

“నువ్వొచ్చినవంటెనే నాకెరుకైంది” అంది పెంటవ్వ. “నీళ్ళు తప్పినయి గదా?”

“నీ పెనిమిటి మా అత్త బాగున్నదా అని అడిగిండు.”

పెంటవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“కాలువ తవ్విన నాడు ఎవలెవలు తట్ట మోసిండ్రో చెప్తడు భూమవ్వా. ఎవని మేస్త్రీ ఎవనో చెప్తడు. పొద్దుగాల అంబలి తాగింది చెప్పరాదు. తాగినంక మల్లొక్కసారి అడుగుతడు, నిన్నటి సంది కడుపుల ఏం పడలేదని. మొదట్ల నేను గుడ్క నవ్విన. ముసలోనికి ఆశ ఎక్కువైందనుకున్న.”

“ఎన్నొద్దుల నుంచి? ఊర్లె ఎవలికీ తెల్వకపాయె!”

“తెల్వనిస్తనా? నెత్తి మీద గంప పెట్టుకొని ఎన్క నడిసిన. గడ్డికి పోయినట్టే ఉంటది సూసెటోనికి. ‘ఇగ బాలన్న మడి కాడికి పోతమా?’ అంటే అటు నడుస్తడు. పొద్దుగాల జర నయం. పొద్దు వాలినంక ఏది ఏదో సమజ్ కాదు.” ఆమె చెయ్యి చాపి భూమవ్వ చీర అంచు పట్టుకుంది. “ఊరోళ్ళకు చెప్పకు తల్లీ. తెలిస్తే పార గుంజుకుంటరు. కొడుకులు లేరు, కల్లం కాడ మీరు పెట్టే మేర గింజలే మాకు తిండి. నీరటి కాకపోతే ఆయినె ఎవలు?”

భూమవ్వ ఆ మాట గురించి ఆలోచించలేదు. ఎండుతున్న మడి గురించి ఆలోచించింది. “మరి నా మడి సంగతేంది?” అంది.

“నాలెక్క నువ్వు ఎన్క నడువు. నా కాలు నిలవడేదాక. నీ మడి తడుస్తది, మా పరువు నిలుస్తది.” పెంటవ్వ లేవబోయి, నొప్పికి పళ్ళు బిగబట్టి మళ్ళీ వాలింది. “ఒక్కటి యాదుంచుకో. ‘అది కాదు’ అనొద్దు. అంటే కోపమొస్తది, ఆ ఎన్క ఏడుపొస్తది. చెప్పేదేదన్న ఉంటే అడిగినట్టు చెప్పు. అప్పుడు ఆయినెకు తన మాటే అనిపిస్తది.”

భూమవ్వ సరేనంది.

ఆ సాయంత్రమే గంప నెత్తిన పెట్టుకొని తుమ్మచెట్టు దగ్గరికి పోయింది. “తాతా, ఇగ బాలన్న మడి కాడికి పోతమా?” అంది. సాయన్న ఆమెను ఎగాదిగా చూశాడు. కానీ ఆ మాట కుదిరినట్టు చెవిలో కూర్చుంది కాబోలు, లేచాడు. పటేలు మడవకు మట్టి పెళ్ళలు వేశాడు, కాలితో తొక్కాడు, పార వెనక్కి తిప్పి బోర్లించి చరిచాడు. ఆ పనిలో తడబాటు లేదు. ఎంత మట్టి వేస్తే నీళ్ళు ఆగుతాయో, ఏ పక్క ఒత్తితే గండి పడదో ఆ చేతులకు తెలుసు. బాలన్న మడవ దాకా నీళ్ళతో పాటు నడిచి పార గుచ్చాడు. ఎండిన కాలువలో నీళ్ళ నాలుక ఎండుటాకులను ముందుకు తోసుకుంటూ పాకి వచ్చింది.

*

తెల్లవారి భూమవ్వ, అంజవ్వ కలిసి బయలుదేరారు. అంజవ్వ మడి భూమవ్వ మడికి దిగువన, కాలువ కొసన. మొగుడు పోయిన మనిషి. బీడీలు చుట్టుకుంటూ ఆ చెక్కను పట్టుకొని బతుకుతోంది. ఆమెకు భూమవ్వ సంగతంతా చెప్పింది. చెప్పకూడదనుకుంది గానీ, ఎండే మడి ఉన్నవాళ్ళకు ఎండే మడి ఉన్నవాళ్ళే కదా చుట్టాలు.

బాలన్న పొలం మలుపు తిరగగానే ఇద్దరూ నిలబడిపోయారు. పటేలు జీతగాడు నీరటి పార భుజాన వేసుకొని గట్టు మీద ఎగువకు నడుస్తున్నాడు. తన సొంత పారలాగా, ఈల వేసుకుంటూ.

“ఓరి నీ చేతులు పడిపోను! నీరటి పార ముడ్తవురా?” అని అంజవ్వ అరిచింది.

వాడు వెనక్కి చూసి నవ్వాడు. “మెల్లగా అవ్వా, గొంతు పోతది. ముసలోనికి యాదిలేదు, పారకు నోరులేదు. నడుమ మీకెందుకు నొప్పి?”

పటేలు తోట దగ్గరే ఉన్నాడు. ఫ్యాక్టరీ నుంచి కటింగు ఆర్డరు వచ్చింది. కూలీలు పండిన చెక్క నరుకుతుంటే, లేత చెరుకు చెక్క పక్కన గొడుగు కింద నిలబడి చూస్తున్నాడు. తెల్ల ధోతి, చేతికి గడియారం. ఇద్దరు ఆడవాళ్ళు ఒగుర్చుకుంటూ చెప్పిందంతా విన్నాడు. కోప్పడలేదు.

“పార ఏడుంటే నీళ్ళు ఆడ. ఇది నేను పెట్టిన కట్టుబాటు గాదు, మీ తాతలు, మా తాతలు పెట్టింది” అన్నాడు. “నా మనిషి ముట్టిండంటరు. సాయిగాన్నే అడుగుదాం. ఏరా సాయిగా! ఇటు రా! పార నా మడవ కాడ ఎవడు పెట్టిండు?”

అప్పుడే గట్టెక్కి వస్తున్న సాయన్న ఆగాడు. పార వంక చూశాడు. చుట్టూ చేరిన కూలీల వంక చూశాడు. అందరి కళ్ళూ తన మీదే ఉన్నాయి. తన పార ఎక్కడుందో తనకు తెలియదని ఏ నీరటి చెప్తాడు?

“నేనే పెట్టిన పటేలా” అన్నాడు. “నేను గాక ఎవలు పెడ్తరు?”

కూలీలు నవ్వారు. పటేలు భూమవ్వ వైపు చేతులు చాపి, “విన్నవు గద అవ్వా. ఇగ నన్నేం జెయ్యమంటవు?” అన్నాడు.

భూమవ్వకు పెంటవ్వ మాట గుర్తొచ్చింది. ‘ముసలాయనకు మతి లేదు’ అని అక్కడే అనేస్తే పార పటేలు చేతికే పోతుంది. అనకపోతే నీళ్ళు పోతాయి. అంజవ్వ మాత్రం నేల మీద ఉమ్మేసి, “నడువ్ భూమవ్వా. పార ఎట్ల కదులుతదో మనం గుడ్క సూద్దాం” అంది.

పటేలు అటు తిరగగానే భూమవ్వ అడిగినట్టు చెప్పి, సాయన్న చేత పారను మళ్ళీ బాలన్న మడవకు తెప్పించింది. ఆ పొద్దు నుంచి ఇద్దరూ పార పక్కనే గొంగడి పరుచుకొని కూర్చున్నారు. అంజవ్వ చాటలో తునికాకు, తంబాకు పెట్టుకొని అక్కడే బీడీలు చుట్టింది. జొన్నరొట్టె, పచ్చికారం తెచ్చి సాయన్నకూ పెట్టింది. జీతగాడు ఒకటి రెండుసార్లు అటు తచ్చాడి, ఆడవాళ్ళ నోళ్ళకు జడిసి వెనక్కిపోయాడు. బాలన్న మడి నిండింది. మరుసటి పొద్దు పొడుపున భూమవ్వ “ఇగ రాజవ్వ మడి కాడికి పోతమా తాతా?” అంది, చచ్చిన అత్త పేరుతోనే. సాయన్న నడిచాడు.

నీళ్ళు తన మడవ దాటినప్పుడు భూమవ్వ మోకాళ్ళ దాకా దిగి నిలబడింది. నెర్రెలు బుడబుడమంటూ గాలి వదిలాయి. పురుగులు పైకి తేలాయి, కొంగలు వాలాయి. మట్టి నల్లబడి, మెత్తబడి, పాదాల కింద కదిలింది.

“నా మోకాలు పట్టేసింది” అంది అంజవ్వ గట్టు మీద నుంచి. “నువ్వున్నవు గద, నేనింటికి పోయి జర నడుం వాలుస్త. రేపు పొద్దుగాల నా వంతుకు ఆయినెను నువ్వే తోలుకరా.”

“పో అక్కా. నేను జూస్త” అంది భూమవ్వ. అన్నప్పుడు ఆ మాటలో కల్తీ లేదు.

*

మధ్యాహ్నానికి నీళ్ళు పలచబడ్డాయి. పైన ఎక్కడో ఎవరో తూముకు గడ్డి అడ్డం వేశారో, అసలు కాలువలోనే తగ్గిందో తెలియదు. పల్లపు చెక్క నిండింది గానీ, మెరక చెక్కకు నీళ్ళు ఎక్కడం లేదు. భూమవ్వ చాట పట్టుకొని చల్లింది, చిన్న చిన్న కాలువలు తీసింది. పాకిన తడి మెరక అంచున ఆగి, అక్కడే ఇంకిపోయింది.

పొద్దు వాలుతుండగా ఆమె మొగుడు ముత్తన్న సైకిలు దిగాడు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో సీజను పని. షిఫ్టు మారిన రోజే ఇంటికి వస్తాడు. బట్టల నుంచి చెరుకు మడ్డి వాసన, కళ్ళు నిద్రలేక ఎర్రగా. గట్టు మీద నిలబడి మడి అంతా ఒకసారి చూశాడు.

“మెరకకు ఎక్కలేదా?”

“ఎక్కలే.”

“గింజలుండేది మీదనే. పల్లంల ఎప్పుడూ తాలే ఎక్కువ” అన్నాడు. సైకిలు గట్టుకు వాల్చి, “కాలువ బంద్ పెడ్తరట. రెండు మూడు దినాలల్ల. గేట్లు సూసే లష్కరు తమ్ముడు మా షిఫ్టే, వాడే అన్నడు” అన్నాడు. వంగి ఎండిన దుబ్బు ఒకటి పీకి, పొట్ట చీల్చి చూశాడు. లోపలి వెన్ను తెల్లగా, తడిగా, కందుపిల్ల వేలులాగా ఉంది. దాన్ని ఆమె చేతిలో పెట్టి ఇంటికి పోయాడు.

భూమవ్వ ఆ రాత్రి గొంగడి మీద కూర్చొని లెక్కలు వేసుకుంది. రెండు మూడు దినాలంటే మూడే అనుకుంది. ఒక పొద్దు తనకు, ఆ తర్వాతి పొద్దు అంజవ్వకు. ఎవరికీ అన్యాయం లేదు. పటేలు రెండుసార్లు తాగాడు, తను ఒక పొద్దు ఎక్కువ తాగితే కాలువ తెగిపోతుందా? అంజవ్వకు నచ్చచెప్పుకోవచ్చు. అంజవ్వ మనసు మంచిది.

తెల్లవారింది. సాయన్న గట్టు మీద వస్తున్నాడు. ఆ పొద్దు ఆయన మొహం తేటగా ఉంది. మడవ దగ్గరికి వచ్చి, నీళ్ళలో చెయ్యి ముంచి, పార పిడి మీద చెయ్యి వేశాడు.

“ఇగ అంజవ్వ మడి కాడికి పోవాలె గద బిడ్డా?”

భూమవ్వ, ఆయనకు గుర్తు లేకపోతే చెప్పకుండా ఊరుకుందామనుకుంది. పార తన మడవ దగ్గర ఉంది, ఆయనే పొరపడతాడనుకుంది. గుర్తుంది. ఇన్ని రోజులలో ఆయన తనంత తాను సరిగ్గా చెప్పిన వంతు అది.

ఆమె నోరు తనంత తానే తెరుచుకుంది. పెంటవ్వ నేర్పినట్టే, మెల్లగా, అడిగినట్టు.

“అంజవ్వది నిన్న ఒడిసె గద తాతా?”

సాయన్న చెయ్యి పిడి మీదనే నిలిచిపోయింది. దిగువకు చూశాడు. ఆమె మొహంలోకి చూశాడు. నుదుటి మీద ముడతలు దగ్గరకు చేరాయి. తలుపు తాళం చెవి ఎక్కడ పెట్టానో అని ఒంటి మీది బట్టంతా తడుముకునేవాడిలాగా, లోపల ఎక్కడో తడుముకున్నాడు. ఆ వెతుకులాట చూడలేక భూమవ్వ నీళ్ళ వైపు తల తిప్పుకుంది.

“ఒడిసిందా?” అన్నాడు. గొంతు చిన్నదైంది. “ఔ... ఔ, ఒడిసింది. యాదికొచ్చింది. రొట్టె గుడ్క పెట్టింది నాకు గట్టు మీద. మడి నిండిందని నవ్వింది.” చెయ్యి పిడి మీద నుంచి తీశాడు. “ఇయ్యాల నీదేనా?”

“నాదే తాతా.”

“నువ్వు లేకుంటే నా గతేమైతుండెనో బిడ్డా” అని, చల్లటి తడి చేయి ఆమె తల మీద పెట్టాడు.

*

పొద్దు బారెడు ఎక్కాక అంజవ్వ కుంటుకుంటూ వచ్చింది. తన మడవ ఎండి ఉంది. పార భూమవ్వ గట్టున ఉంది.

“ఏమాయె భూమవ్వా?”

“ముసలాయినె వింటలేడక్కా. నాదే అంటున్నడు” అంది భూమవ్వ. చేతులు బురదలో పెట్టి ఏదో కలుపు తీస్తున్నట్టు వంగే ఉంది. “ఒక్క పొద్దే గద. రేపు నీదే.”

అంజవ్వ సాయన్నను అడిగింది. “నీది నిండింది గదా అవ్వా!” అన్నాడాయన సంబరంగా. ఆమె గట్టు మీద కూలబడి రేపటి కోసం కూర్చుంది.

రేపు రాలేదు. ఆ సాయంత్రమే లష్కరు పెద్దకాలువ గేటు దించాడు. తూములో నీళ్ళు కాసేపు వణికి, సన్నబడి, నాచు మిగిల్చి పోయాయి. మళ్ళీ ఎప్పుడు విడుస్తారో పైవాళ్ళకే తెలియాలన్నారు.

వారం తిరగకముందే అంజవ్వ వరి గడ్డి రంగుకు తిరిగింది. ఆమె చావడి ముందు నిలబడి, ఊరంతా వినేటట్టు, మన్ను ఎత్తి పోస్తూ శపించింది. పటేలు అందరినీ పిలిపించాడు.

చావడి అరుగు మీద పటేలు, కింద రైతులు. సాయన్న పార భుజాన వేసుకొని, తలపాగా చుట్టుకొని, పంచాయితీకి పిలిచారంటే ఏదో నీళ్ళ సంగతి తన మాట అడగడానికేనన్నట్టు దర్జాగా నిలబడ్డాడు. పెంటవ్వను ఎవరో మంచంతో సహా మోసుకొచ్చి ఓరగా దించారు.

“ఏరా సాయిగా, అంజవ్వ వంతు ఎందుకు తప్పిచ్చినవ్?”

“తప్పియ్యలే పటేలా. పారిచ్చిన. నిండింది. నాకు రొట్టె పెట్టింది.”

ఎవరో కిసుక్కుమన్నారు. అంజవ్వ ఎండిన దుబ్బు ఒకటి ఆయన కాళ్ళ ముందు పడేసింది. సాయన్న దాన్ని తీసి, తిప్పి చూసి, “ఇది ఎవలది? నీళ్ళు లేక సచ్చిందిది. ఏ నీరటి జేసిండు ఈ పని?” అన్నాడు. నవ్వులు ఒక్కసారి పేలి, వాటంతట అవే ఆగిపోయాయి.

పటేలు నవ్వలేదు. గడియారం చేతిని మోకాలి మీద పెట్టుకొని అటు తిరిగాడు. “భూమవ్వా, ఎన్క తిరిగింది నువ్వే గద. ఉన్నదున్నట్టు చెప్పు. ముసలోనికి మతి ఉన్నదా, పోయిందా?”

చావడి అంతా ఆమె వైపు తిరిగింది. మంచంలో పెంటవ్వ తల ఎత్తింది. ఆ కళ్ళు ఏమీ అడగలేదు. ఒక్కటే, చూస్తూ ఉన్నాయి. ముత్తన్న మొగవాళ్ళలో నిలబడి నేల చూస్తున్నాడు.

‘ఆయినెకు యాదికున్నది, నేనే తప్పు చెప్పిన’ అంటే చాలు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. దాని వెనకే అంజవ్వ మొహం కనిపించింది, ఊరంతా ఉమ్మేయడం కనిపించింది, రేపు నీళ్ళ దగ్గర తనను నమ్మే మనిషి లేకపోవడం కనిపించింది.

“ఆయినెకు యాదుండదు పటేలా” అంది భూమవ్వ. “శాన దినాల సంది. మా అత్త బాగున్నదా అని అడిగిండు. పొద్దుగాల తిన్నది పొద్దుగాల్నే మరుస్తడు.”

అంతా నిజమే. ఒక్క అక్షరం అబద్ధం లేదు.

పెంటవ్వ తల మళ్ళీ మంచం మీద వాల్చింది.

పార ఇవ్వమని అడిగితే సాయన్న ఇచ్చేశాడు. మట్టి అంటుకుందని తలపాగా కొసతో తుడిచి మరీ ఇచ్చాడు. అంచు సాన పట్టించి తెస్తారనుకున్నాడు కాబోలు. పటేలు దాన్ని తన జీతగాడి చేతిలో పెట్టి, “ఇగ నుంచి వీడు సూస్తడు. పడుచోడు, మతి మంచిగున్నది” అన్నాడు.

*

కాలువ మళ్ళీ విడిచినప్పుడు పార పటేలు తోట దగ్గర నిలిచింది. చాలాకాలం నిలిచింది. ఎందుకని అడిగిన బాలన్నను జీతగాడు, “యాదిమరిచే నీరటి నేను గాదు. లెక్క నాకెరుక” అన్నాడు. భూమవ్వ మడికి నీళ్ళు వచ్చేసరికి కంకులు పండు బారాయి. అప్పుడవి వచ్చినా ఒకటే, రాకున్నా ఒకటే. పల్లంలోనూ మెరకలోనూ కలిసి తిండికి సరిపడా గింజ పట్టింది. అంజవ్వ పొద్దు తాగిన ఆ మెరక చెక్క బంగారంలా నిలబడింది.

వరి కోసే రోజుల్లో ఒక పొద్దున భూమవ్వ కొడవలి నూరుకుంటుంటే గట్టు మీద సాయన్న కనిపించాడు. ఎప్పటిలాగే నడిచి వస్తున్నాడు. ఒక భుజం మాత్రం, పార బరువు మోస్తున్నట్టు, కొంచెం కిందికి వంగి ఉంది. భుజం మీద ఏమీ లేదు. ఆమె ముందుకు వచ్చి నిలబడ్డాడు.

“ఎవలది బిడ్డా వంతు?”

భూమవ్వ చేతిలో కొడవలి ఆగింది. ఎవరూ లేరు చుట్టుపక్కల. తలెత్తకుండానే చెప్పింది.

“అంజవ్వది తాతా.”

ఆయన దిగువకు పోయాడు. అంజవ్వ మడి దగ్గర కూర్చొని మడవను చేతి వేళ్ళతో తవ్వడం మొదలుపెట్టాడు. ఎండకు ఇటుకలాగా గట్టిపడిన మట్టి. గోళ్ళు పెటపెటమని విరుగుతున్న చప్పుడు ఇక్కడికే వినిపించినట్టయింది. మడిలో అంజవ్వ బర్రె ఎండిన వరిని మేస్తోంది; ఆమె దానికి ఎడంగా చాట ముందు పెట్టుకొని బీడీలు చుడుతోంది. చాట పక్కన పెట్టి లేచింది. మోకాలు పట్టుకొని వంగి, ఆయన రెండు చేతులూ పట్టుకుంది. వేళ్ళ కొసల నెత్తురు కొంగుతో ఒత్తింది.

“సాలు తాతా. నా మడి నిండింది.”

“నిండిందా?” ఆయన తలెత్తి చూశాడు, బర్రె నములుతున్న ఆ ఎండు దుబ్బుల వైపు.

“నిండింది. గట్టు తెగుతదిగ. సాలు, లే.”

సాయన్న మొహం విచ్చుకుంది. పని ముగించిన మనిషి లేచినట్టు నడుము మీద చెయ్యి వేసుకొని లేచాడు.

“కొనదాక ఒడిసిందన్నట్టు. మరి ఇగ మల్ల పటేలుదే గద” అన్నాడు.

“ఔ. పటేలుదే” అంది అంజవ్వ.

ఆయన వట్టి చేతులతో ఎగువకు నడిచాడు. భూమవ్వ ముందు నుంచే పోయాడు గానీ ఆగలేదు. అంజవ్వ భూమవ్వ వంక చూడనైనా చూడలేదు. చాట ముందుకు లాక్కొని, ఆకు ఒకటి తీసి, కత్తెర అందుకుంది.